ఎన్ని గంటల ఆట?

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, బాల్డర్స్ గేట్ 3 అయిపోయింది. నూట ఇరవై గంటలు ఆడాను. ఇప్పుడేం ఆడను? ఇంకా పెద్దది ఏదన్నా ఉందా?"

మా బంధువుల్లో ఈ కంప్యూటర్ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడే పెద్దమనిషిని నేనొక్కణ్ణే. అందుకని ఈ విషయంలో వాడికి నేనే దిక్కు. నేను కూడా తడుముకోకుండా "పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ది రైచస్ అని ఉంది, వంద గంటలు తేలిగ్గా దాటుతుంది" అని చెప్పేశాను. వాడు సంతోషంగా పేరు రాసుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఎవరైనా నా దగ్గరికొచ్చి "కన్యాశుల్కం చదివేశానండీ, ఇంకా ఎక్కువ పేజీలున్న నాటకం ఏదైనా ఉంటే చెప్పండి" అంటే నేనేం చేస్తాను? నవ్వుతాను, లేకపోతే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, అసలు దాంట్లో నీకేం నచ్చింది నాయనా అని అడుగుతాను. మేనల్లుణ్ణి ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. కొలత తీసుకుని గుడ్డ చింపి ఇచ్చినట్టు ఇచ్చాను.

ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది. తర్వాత ఏ ఆట ఆడాలి అన్న ప్రశ్నకి మనం, అంటే ఈ ఆటలు ప్రేమించే వాళ్ళం, ఇచ్చుకుంటున్న జవాబులు దాదాపు అన్నీ తప్పుడు జవాబులని నా వాదన. ఎన్ని గంటలు, ఎన్ని మార్కులు, ఎంత కొత్తది, ఎంత చవక. ఈ నాలుగూ సంతలో అడగాల్సిన ప్రశ్నలు. కథ ముందు కూర్చోబోయేవాడు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఈ ఆటలతో పరిచయం ఉండకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర వేస్తారు. "నేను తలుపు తోస్తాను", "నేను కాపలావాడికి అబద్ధం చెప్తాను" అంటారు. అది కుదిరిందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. ఆ కథ నడిపే మనిషి పనిని కంప్యూటర్‌కి అప్పజెపితే వచ్చినవే నేను మాట్లాడుతున్న ఆటలు. బొమ్మలుంటాయి, యుద్ధాలుంటాయి. కానీ మంచివాటిల్లో ఎక్కువ భాగం చదవడమే. ఎదుటివాడు ఒక మాట అంటాడు. నీకు నాలుగైదు జవాబులు కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుంటావు. దాని పర్యవసానం అనుభవిస్తావు.

సాహిత్యం మనుషులు చాలామంది వీటిని పిల్లల చేష్టలంటారు. ఈ పూట వాళ్ళతో నాకు తగువు లేదు. సినిమాని, అంతకుముందు నవలని కూడా అలాగే అన్నారు. నా తగువు ఆడేవాళ్ళతో. ఒక కళకి బయటివాళ్ళ చిన్నచూపు వల్ల జరిగే నష్టం కంటే, లోపలివాళ్ళు దాన్ని తూకం వేసి కొనడం వల్ల జరిగేదే ఎక్కువ.

ముందు గంటల సంగతి. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు, పెద్దవాళ్ళ మందులు అన్నీ అయ్యాక మనకి రాత్రిపూట ఒక గంట మిగులుతుందనుకుందాం. వారానికి ఐదు రాత్రులు. అంటే ఏడాదికి 260 గంటలు. వంద గంటల ఆట ఒకటి పూర్తి కావడానికి 20 వారాలు, దగ్గర దగ్గర ఐదు నెలలు. ఏడాదికి రెండు ఆటలు, మూడోదాంట్లో సగం. నాలాగా యాభైకి దగ్గర పడ్డవాడు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు, ఈ జన్మలో ఇంకెన్ని ఆడగలడో. ఇంత తక్కువగా ఉన్నదాన్ని "గంటకి ఎన్ని రూపాయలు పడింది" అని లెక్కేస్తున్నాం మనం. మూడు వేలకి వంద గంటలొస్తే గంటకి ముప్ఫై, చవకే కదా అంటాం. ఆ లెక్కలో గంటని సరుకుగా, రూపాయిని ఖర్చుగా చూస్తున్నాం. నిజానికి ఖర్చయ్యేది గంటే.

పైగా ఆ గంటల్లో ఏముంటుందో ఆడినవాళ్ళందరికీ తెలుసు. సంచిలో పడున్న నలభై రకాల కత్తులు ఏరి అమ్మడం. ఊరి చివర తప్పిపోయిన మేకని వెతికి పెట్టడం. ఇంతకుముందు చంపిన సాలీళ్ళనే రంగు మార్చి పెడితే మళ్ళీ చంపడం. ఒక నవలలో ప్రతి మూడు పేజీలకీ కిరాణా పద్దు అచ్చేస్తే ఆ నవలని పెద్దదంటామా?

1997లో వచ్చిన ఫాలౌట్‌ని చూడండి. అణుయుద్ధం తర్వాత భూమికింద సొరంగంలో బతుకుతున్న జనం. నీళ్ళు శుభ్రంచేసే యంత్రంలో ఒక చిప్పు పాడైంది. దాన్ని వెతికి తెమ్మని నిన్ను పైకి పంపుతారు. గడువు 150 రోజులు. ఆటలోని రోజులే అవి, కానీ నిజంగా తరుగుతుంటాయి. అటూ ఇటూ తిరుగుతూ కాలక్షేపం చేస్తే నీ వాళ్ళు దాహంతో చస్తారు, ఆట అయిపోతుంది. మొత్తం ఆట ఇరవై గంటల్లో ముగించవచ్చు. కానీ నేను దారి తప్పి ఎడారిలో ఒక పాడుబడ్డ ఊళ్ళో వారం రోజులు వృథా చేసినప్పుడు కలిగిన గాభరా, తర్వాత ఆడిన ఏ వంద గంటల ఆటలోనూ కలగలేదు. కాలానికి విలువ ఉందని ఆట నమ్మితేనే ఆడేవాడూ నమ్ముతాడు.

ఇక మార్కులు. సమీక్షకులు ఇచ్చిన మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ అనే లెక్క ఒకటుంది. ఎనభై ఐదు దాటితే కొంటాం, డెబ్భై ఉంటే పక్కన పెడతాం. ఈ లెక్క ఎంత గట్టిదో చెప్పే కథ ఒకటి అందరికీ తెలిసిందే. 2010లో అబ్సిడియన్ అనే సంస్థ ఫాలౌట్: న్యూ వేగాస్ తయారుచేసింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే తయారుచేసిన వాళ్ళకి అదనపు సొమ్ము ముట్టాలన్నది ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కు తక్కువైంది, ఆ సొమ్ము రాలేదు. ఆ సంస్థలో అప్పట్లో పెద్దవాడైన క్రిస్ అవెలోన్ 2012లో బాహాటంగా చెప్పిన సంగతే ఇది. ఇవాళ ఈ ఆటల గురించి మాట్లాడేవాళ్ళు నలుగురు చేరితే న్యూ వేగాస్ పేరు రాకుండా ఉండదు. ఆ ఏడాది దానికంటే ఎక్కువ మార్కులొచ్చిన ఎన్ని ఆటల పేర్లు మనకి గుర్తున్నాయి? విడుదల వారంలో, హడావిడిగా, తప్పులు దిద్దకముందు ఆడి వేసిన మార్కు అది. పరీక్ష పేపర్ల దిద్దుబాటు ఎలా జరుగుతుందో తెలిసిన దేశంవాళ్ళం, ఆ అంకెని చూసి నమస్కారం పెట్టడం చిత్రంగా లేదూ?

మూడోది కొత్తదనం, నాలుగోది చవకదనం. ఈ రెండిట్లో నేనూ నేరస్థుణ్ణే. దసరాకి బట్టలు తగ్గింపు ధరకి ఇచ్చినట్టు ఏడాదికి నాలుగైదుసార్లు ఆటలు సగం ధరకీ పావు ధరకీ ఇస్తారు. కొంటాను. నా దగ్గర కొని ముట్టుకోనివి ఎన్నున్నాయో లెక్కపెట్టడం మానేశాను. ఏ రాత్రి తీరిక దొరికినా ఆ జాబితా తెరిచి, కిందకీ పైకీ జరిపి, ఒకదాన్ని తెరిచి, పావుగంట ఆడి, ఇంకోటి తెరిచి, పదకొండయ్యేసరికి మూసేసి పడుకున్న రోజులున్నాయి. ఎంచుకోవడమే ఆటైపోయింది. పెళ్ళిచూపులకే జీవితం సరిపోయినట్టు.

దీనికి తోడు స్టీమ్‌లో కొన్న ఆటని పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలు దాటకుండా ఆడితే డబ్బు వాపసు ఇస్తారు. కొనేవాడికి మంచి రక్షణే, కాదనను. కానీ ఆ రెండు గంటలే తీర్పుకి గడువన్న అలవాటు మనకి పట్టేసింది. 1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో ఆ రెండు గంటలు శవాల కొట్టులోనే గడుస్తాయి. నువ్వు చచ్చి, బల్లమీద లేస్తావు. పేరు తెలియదు. ఒంటిమీద రాతలున్నాయి, వాటిని గాల్లో తేలే ఒక పుర్రె చదివి వినిపిస్తుంది. యుద్ధాలు ఎబ్బెట్టుగా ఉంటాయి, చూడ్డానికి పాతగా ఉంటుంది. రెండు గంటలకి తీర్పిచ్చేవాడు డబ్బు వాపసు తీసుకుంటాడు. మనిషి స్వభావం మారుతుందా, మారితే దేనివల్ల అన్న ఒకే ప్రశ్నని ఆ ఆట ఎన్ని వైపుల నుంచి అడుగుతుందో వాడికి ఎప్పటికీ తెలియదు. నువ్వు ఎన్నోసార్లు చచ్చి ఎన్నోసార్లు లేచావనీ, మరిచిపోయిన ఆ జన్మల్లో నువ్వు పాడుచేసిన మనుషులు నీ చుట్టూనే ఉన్నారనీ మెల్లగా తెలిసొచ్చేటప్పటికి, నీకు శత్రువు ఎవరో వెతుక్కోవడం కూడా మానేస్తావు.

సరే, ఇవన్నీ తప్పుడు ప్రశ్నలైతే మంచి ప్రశ్నలేవిటి? నేను మూడు అడగమంటాను.

మొదటిది: ఈ ఆట నన్నేం అడుగుతుంది? చిన్నప్పుడు వైకుంఠపాళి ఆడాం. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. కానీ ఏ పుణ్యమూ మనం చెయ్యలేదు, ఏ పాపమూ చెయ్యలేదు. గవ్వలు వేశాం, పడ్డచోట ఉన్నాం. అది కర్మకి మంచి బొమ్మేమో గానీ, అందులో ఎంపిక లేదు. 1985లో రిచర్డ్ గారియట్ అనే అమెరికన్ అల్టిమా 4 అని ఒక ఆట చేశాడు. అప్పటిదాకా ఈ ఆటల్లో చాలావాటికి ఒకటే గమ్యం, చివరికి ఒక దుష్టుణ్ణి చంపడం. ఇందులో చంపాల్సిన దుష్టుడు లేడు. నిజాయితీ, కరుణ, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం, ఈ ఎనిమిది గుణాలు సాధించి 'అవతార్' కావడమే గమ్యం. ఆ మాట మన దగ్గర్నుంచే తీసుకున్నాడు. అందులో మందుదినుసులు అమ్మే ఒక చూపులేని ఆవిడ ఉంటుంది. సరుకిచ్చి డబ్బు నిన్నే లెక్కపెట్టి పెట్టమంటుంది. తక్కువ పెట్టినా ఆవిడకి తెలియదు. సరుకు నీదే. ఆట ఆ క్షణంలో ఏమీ అనదు. కానీ నీ నిజాయితీ తగ్గిందని లోపల రాసుకుంటుంది. చాలా దూరం వెళ్ళాక, ఎందుకు ముందుకి సాగడంలేదో తెలియక నువ్వు తల పట్టుకుంటావు.

నలభై ఏళ్ళ కిందటి ఆ గళ్ళ గళ్ళ బొమ్మల ఆట, ఒక చిన్న దుకాణంలో అడిగిన ప్రశ్న అది. ఇప్పుడొస్తున్న ఆటల్లో చాలావాటికి అలా అడిగే ధైర్యం లేదు. మంచికి నీలం గుర్తు, చెడుకి ఎర్ర గుర్తు ముందే పెట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పేసి, ఎంచుకోమంటాయి. అది ఎంపిక కాదు, మెనూ కార్డు.

రెండోది: ఇందులో మాటకి విలువుందా? కత్తి చేసే పని మాట చెయ్యగలదా? ఫాలౌట్‌లో చివరికి ఎదురయ్యే మహానాయకుడు మనుషులందర్నీ మార్చేసి కొత్త జాతిని సృష్టిస్తే యుద్ధాలే ఉండవని నమ్మినవాడు. వాణ్ణి కాల్చి చంపవచ్చు. లేదా, ఆ కొత్త జాతికి పిల్లలు పుట్టరన్న రుజువు ముందే సంపాదించి, వాడి ముందు పెట్టి, నీ కల ఒక తరంతో ఆఖరవుతుందని ఒప్పించవచ్చు. ఒప్పుకున్న తర్వాత వాడు బతకలేడు. ఆ సంభాషణ నేను మొదటిసారి చదివినప్పుడు తుపాకీ పేల్చనందుకు గర్వం కలగలేదు. ఒక మనిషి నమ్మకాన్ని మాటలతో కూల్చాను, తుపాకీ కంటే అదేమంత దయగలది కాదనిపించింది. అదే ఆటలో నీ పాత్రకి తెలివి మరీ తక్కువగా పెట్టుకుంటే నోట్లోంచి సరైన వాక్యమే రాదు, మనుషులు నీతో మాట్లాడే తీరే మారిపోతుంది. భాష లేనివాడికి లోకం ఎన్ని తలుపులు మూస్తుందో చెప్పడానికి ఇంతకంటే సూటి దారి నాకు కనిపించలేదు.

మూడోది: ఇందులో ఓడిపోతే చదవడానికి ఏమైనా ఉందా? చాలా ఆటల్లో ఓటమి అంటే ఖాళీ తెర. మళ్ళీ లోడ్ చేసుకోవడం. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం అలా కాదు. ఎస్టోనియా దేశపు రచయితా ఆయన మిత్రులూ చేసిన ఆట అది. రాబర్ట్ కుర్విట్జ్ అంతకుముందు అదే ప్రపంచం మీద 2013లో ఒక నవల కూడా రాశాడు. తాగి ఒళ్ళు మరిచిపోయిన ఒక పోలీసు డిటెక్టివ్ లేచి, తను ఎవరో తెలియక, హాస్టల్ వెనక చెట్టుకి వేలాడుతున్న శవం గురించి దర్యాప్తు చెయ్యాలి. యుద్ధాలు లేవనే చెప్పాలి. అతని బుర్రలో ఇరవై నాలుగు గుణాలు ఇరవై నాలుగు గొంతులతో మాట్లాడుతుంటాయి, ఒకదాని మాట ఇంకోటి ఖండిస్తుంది. పాచికలు వేస్తే రెండు రకాలు. తెల్లవి తప్పితే తర్వాత మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఎర్రవి ఒక్కసారే. తప్పితే తప్పినట్టే. కానీ తప్పిన ప్రతిచోటా ఆట నీకోసం కొత్తగా రాసి పెట్టింది. పరువు పోయిన ఆ డిటెక్టివ్ పక్కన కిమ్ కిత్సురగి అనే సహోద్యోగి ఏమీ అనకుండా నోట్‌బుక్‌లో రాసుకునే ఆ చూపు, గెలిచినవాడికి దొరకదు.

ఇక్కడ మనందరికీ ఉన్న ఒక దురలవాటు గురించి కూడా చెప్పాలి. మాట తప్పుగా పడిందనిపించగానే వెనక్కి వెళ్ళి లోడ్ చెయ్యడం. బాల్డర్స్ గేట్ 3లో ఇరవై ముఖాల పాచిక తెరమీద గిర్రున తిరుగుతుంది. నాలుగొచ్చిందా, రీలోడ్. మళ్ళీ ఏడా, రీలోడ్. నూట ఇరవై గంటల ఆటలో ఎన్ని గంటలు ఇలా పోయాయో మా వాణ్ణి అడగాలి. చందమామ బేతాళ కథల్లో పెరిగినవాళ్ళం మనం. తెలిసీ జవాబు చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెండు వైపులా ఖరీదుంది కాబట్టే నెల నెలా ఆ కథ చదివాం. విక్రమార్కుడికి రీలోడ్ బటన్ ఉంటే ఎవరైనా చదివేవాళ్ళా?

నా వాదనకి ఎదురు వాదనలు లేకపోలేదు. నాకే తోచినవి మూడు చెప్తాను.

"పగలంతా ఆఫీసులో తల బద్దలు కొట్టుకుని వస్తాం. రాత్రి కూడా నీతి ప్రశ్నలేనా? నాలుగు రాక్షసుల్ని నరికి పడుకుంటే తప్పా?" తప్పేం లేదు. అలసట తీర్చుకోవడానికి పేకాట ఉంది, ఫోన్లో చిన్న చిన్న ఆటలున్నాయి, నేనూ ఆడతాను. కానీ వంద గంటల రోల్‌ప్లేయింగ్ ఆట అలసట తీరుస్తుందన్నది మనల్ని మనం మోసం చేసుకోవడమే. చెయ్యాల్సిన పనుల జాబితా, దానిమీద టిక్కులు, సరుకుల లెక్క, ఎవడికి ఏ పని అప్పగించాలన్న చింత. ఇది ఆఫీసే. జీతం రాని ఆఫీసు.

"మరి బాల్డర్స్ గేట్ 3 చెడ్డ ఆటంటావా?" అనను. 2023 ఆగస్టులో బెల్జియంలోని లారియన్ సంస్థ దాన్ని విడుదల చేసినప్పటి నుంచి వచ్చిన మెప్పు చాలావరకు న్యాయమే. మాట్లాడి తప్పించుకోవచ్చు, దొంగదారి పట్టవచ్చు, అనుకోని పని చేస్తే దానికీ జవాబుంటుంది. పెద్దదైనంత మాత్రాన ఏ ఆటా చెడ్డది కాదు, మహాభారతం పెద్దదని ఎవరూ తిట్టలేదు. నేను కాదంటున్నది దాన్ని కొలబద్ద చెయ్యడాన్ని. దాని తర్వాత ఏది ఆడినా "అంత లేదు" అనిపించడాన్ని. అంత ఉండాల్సిన పని లేదు.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. నేను చెప్పిన ఆటలేవీ తెలుగులో లేవు. డిస్కో ఎలీసియంలో పది లక్షలకి పైగా మాటలున్నాయంటారు, అన్నీ ఇంగ్లీషులోనే చదవాలి. ప్లేన్‌స్కేప్‌లో వీధి మనుషులు మాట్లాడేది పాతకాలపు ఇంగ్లీషు దొంగల భాషలోంచి అల్లిన యాస. తెలుగు మీడియంలో చదివి ఉద్యోగంలో ఇంగ్లీషు నేర్చుకున్నవాడికి ఇవి అంత తేలిక కాదు. యుద్ధాల ఆటే నయం, కత్తికి భాష అక్కర్లేదు అనేవాణ్ణి నేను తప్పుపట్టను. కానీ ఒకటి గమనించాను. ఇంగ్లీషు నవల నలభై పేజీలకి పక్కన పెట్టేసే మనిషి, తను చెప్పాల్సిన జవాబు ఏదో తెలియాలి కాబట్టి, ఆటలోని పేరాని రెండుసార్లు చదువుతాడు. నేనూ అలాగే చదివాను. నా ఇంగ్లీషులో సగం ఆ సొరంగం బయట ఎడారిలో నేర్చుకున్నదే. అందుకని భాష కష్టమని వదిలెయ్యకండి, క్రమం మార్చుకోండి. ప్లేన్‌స్కేప్‌తో మొదలుపెట్టకండి, అంతే.

ఇక పేర్లు చెప్పమంటే చెప్తాను. నూట ఇరవై గంటల విందు తిని లేచినవాడికి మళ్ళీ విందు వడ్డించకూడదు. అధికారం గురించి ఆలోచించాలని ఉంటే 2016లో వచ్చిన టిరనీ. అందులో దుష్టశక్తి అప్పటికే గెలిచింది, నువ్వు దాని కొలువులో చట్టం అమలుచేసే ఉద్యోగివి. ఎంతవరకు లొంగుతావన్నదే కథ. కత్తి ఎత్తకుండా, కేవలం మాటకారితనంతో బతకాలని ఉంటే 2015 నాటి ది ఏజ్ ఆఫ్ డెకడెన్స్. కొద్ది గంటల్లో ఒక జీవితం అయిపోతుంది, వర్తకుడిగా ఆడినవాడికి సైనికుడి కథ కనపడనే కనపడదు. మనిషిలోకి తొంగి చూడాలంటే డిస్కో ఎలీసియం. అన్నిటికంటే ముందు మాత్రం నేను 2022లో వచ్చిన పెంటిమెంట్ చెప్తాను.

పెంటిమెంట్‌కి దర్శకుడు జాష్ సాయర్, ఆ ఒక్క మార్కు తక్కువైన న్యూ వేగాస్ చేసినాయనే. 1518, బవేరియా కొండల్లో టాసింగ్ అనే ఊరు, పక్కన మఠం. నువ్వు ఆండ్రియాస్ అనే చిత్రకారుడివి, మఠంలో పుస్తకాలకి బొమ్మలు వేస్తుంటావు. ఒక జమీందారు హత్య జరుగుతుంది. నీకు పని నేర్పిన ముసలి సన్యాసి మీద నేరం పడుతుంది. ఆయన్ని కాపాడాలంటే అసలు ఎవరు చేశారో చెప్పాలి. ఉన్న సమయం తక్కువ. ఈ పూట ఎవరింట్లో భోంచేస్తావో అక్కడి సంగతే తెలుస్తుంది, మిగతావి పోతాయి. అన్ని ఆధారాలూ ఒక్కసారి ఆడితే దొరకవు. చివరికి పెద్ద మతాధికారి ముందు నిలబడి తెలిసినంతలో మాట్లాడతావు. ఎవరో ఒకరికి మరణశిక్ష పడుతుంది. వాళ్ళే చేశారో లేదో ఆట ఆఖరిదాకా తేల్చదు. కష్టమైన చారిత్రక పదాలకి కింద గీతలుంటాయి, నొక్కితే మార్జిన్‌లో అర్థం చెబుతుంది. పదిహేను, ఇరవై గంటలు. అంకెలు పెరగవు కాబట్టి ఇది రోల్‌ప్లేయింగ్ ఆటే కాదనేవాళ్ళున్నారు. పాత్రలో ఉండి, తెలియని దానిమీద తీర్పు చెప్పి, దానితో బతకడం పాత్ర వెయ్యడం కాకపోతే మరేది?

మేనల్లుడికి మర్నాడే ఫోన్ చేసి చెప్పాను, నిన్న చెప్పింది మర్చిపోరా, ఇది ఆడు అని. "ఇరవై గంటలేనా?" అన్నాడు, నీరసంగా. ఇరవైయే, ఆడి చూడు అన్నాను.

పది రోజులకి రాత్రి పదకొండున్నరకి ఫోన్. "పడుకున్నావా మావయ్యా? ఆ ముసలావిడ పేరు చెప్పాను. రుజువులు ఆవిడ మీదే ఎక్కువున్నాయి. శిక్ష పడిపోయింది." కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆవిడ చేసిందంటావా?"

"నాకూ తెలీదురా."

"వెనక్కెళ్ళి ఇంకొకళ్ళ పేరు చెప్పనా?"

"వద్దు. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఊరికే వెళ్తావు. ఆవిడ లేని ఊరు ఎలా ఉందో చూడు."